మాటన్నవాడు స్టీరింగ్ పట్టాలి

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా ఆవిడ నా మాటల్ని నాలుగుతో భాగించి వింటుంది. మార్కెట్లో బారెడు చేప చూశానంటే మూరెడని అర్థం చేసుకుని, అంత గిన్నే పొయ్యి మీద పెడుతుంది. కోనసీమలో పుట్టి, పాతికేళ్ళుగా కువైట్‌లో ఓ కంపెనీ స్టోర్లో కూర్చుని బోల్టులూ చేతి గ్లవుజులూ ఇచ్చే మనిషికి ఇంతకంటే విలాసం ఏముంటుంది చెప్పండి? కనక మీరూ కింద రాసినదంతా నాలుగుతో భాగించుకోండి. అయితే పెంచి చెప్పడం వేరు, కల్పించడం వేరు. ఇందులో ఒక్కటి మాత్రం నేను శుద్ధంగా కల్పించాను. అదేదో చివర నేనే ఒప్పుకుంటాను.

ఫహాహీల్‌లో మా బిల్డింగుల వెనక ఓ ఇసక స్థలం ఉంది. శుక్రవారం పొద్దున్నే, సూర్యుడు మనుషుల్ని వేపుడుకి పెట్టకముందే, పాతకార్ల పిచ్చివాళ్ళం అక్కడ చేరతాం. చేరేది ముగ్గురం. అరుపులు వింటే ముప్ఫై మందనుకుంటారు.

ఒకాయన కరీంనగర్ నుంచి వచ్చిన క్రేను ఆపరేటరు. ఆయనకి పడవంత అమెరికా కారొకటుంది. ఆరేళ్ళుగా దాని రంగు ఉప్పు కాగితంతో గీకుతున్నాడు. ఇంకో ఆరేళ్ళు గీకితే కారు పూర్తిగా అరిగిపోయి, నంబరు ప్లేటు మాత్రం మిగులుతుంది. దాన్నే పునరుద్ధరణ అంటాడు.

రెండో ఆయన కడపాయన. పద్దెనిమిదేళ్ళు ఒక కువైటీ పెద్దాయన ఇంట్లో డ్రైవరు. ఆ ఇంట్లో ఏ బండి ఎంత మెత్తగా తిరిగేదో, ఏ బండి బ్రేకు ఎలా పట్టేదో గంటలకొద్దీ చెప్పేవాడు. చెప్పేటప్పుడు రెండు చేతులూ గాల్లోకి లేచి, లేని స్టీరింగుని పట్టుకునేవి. వచ్చేది మాత్రం బస్సులో. బండ్లు కఫీల్‌వి కదా, శుక్రవారం వాళ్ళు ఎక్కడికో పోతారు అనేవాడు. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. అందరినీ 'నువ్వు' అనే అంటాడు. మా ఊళ్ళో గేదెని కూడా అండీ అంటాం. అందుకని నేను ఆయన్ని 'మీరు', 'అండీ' అంటూనే తిడుతుండేవాణ్ణి. అలా తిడితే ఇంకా బాగా తగులుతుంది.

మూడోవాణ్ణి నేను. నా బండి జపాన్‌ది, నా పెళ్ళి కంటే పాతది. హవల్లీలో ఉండే ఒక ముసలి స్కూలు మేష్టారి దగ్గర కొన్నాను. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, నేను చూసేసరికి ముసలి ఏనుగు దంతం రంగుకి వచ్చింది. సీట్లు విప్పి కుట్టించాను, డాష్‌బోర్డు పగుళ్ళు పూడ్చాను, రెండేళ్ళ శుక్రవారాలన్నీ దానికే పోశాను. అందులో పవర్ స్టీరింగ్ లేదు. ఆగిన బండిలో తిప్పితే భుజం కీలు ఊడి ఒళ్ళో పడుతుంది. కానీ కదిలిందంటే, రోడ్డు మీద చీమ అడ్డొచ్చినా అది ఆడ చీమో మగ చీమో అరచేతికి తెలిసిపోతుంది. దాన్నే స్టీరింగ్ ఫీల్ అంటారు. దాని మీదే మా యుద్ధం.

"మీ కఫీల్ గారి బండి చిటికెనవేలితో తిరుగుతుందన్నారు కదండీ. పక్కింట్లో ఉడికే పప్పుని మనింట్లోంచి గరిటెతో తిప్పినట్టుంటుందేమో. అడుగు అంటుకుందో లేదో ఎలా తెలుస్తుందండీ?" అనేవాణ్ణి నేను.

"నీ బండి తిప్పాలంటే పొద్దున్నే రాగిసంగటి తిని రావాల. పెసరట్టు తినేటోల్లతో అయ్యే పనిగాదు" అనేవాడు కడపాయన.

"రోడ్డు చేతితో మాట్లాడాలండీ."

"నీ బండ్లో రోడ్డు మాట్లాడ్డంల్యా నాయనా, ఏడుస్తాండాది."

క్రేనాయన గీకుతూనే నవ్వేవాడు. ఎవరు గెలిస్తే వాళ్ళ వైపు నవ్వేవాడు.

మా ముగ్గురి మధ్య ఒక కట్టుబాటుంది. నేనే పెట్టాను. ఎవడి బండినైనా తిట్టొచ్చు. కానీ మాటన్నవాడు స్టీరింగ్ పట్టాలి. దవ్వార్ దాకా, అంటే ఆ రోడ్డు చివరి గుండ్రటి కూడలి దాకా వెళ్ళి, చుట్టి రావాలి. వచ్చాక కూడా తిట్టగలిగితే ఆ తిట్టు చెల్లుతుంది. నేను క్రేనాయన పడవని తోలాను. తోలానంటే, అది నన్ను తీసుకెళ్ళింది. క్రేనాయన నాది తోలి రెండ్రోజులు భుజానికి వేడినీళ్ళ కాపడం పెట్టుకున్నాడు. కడపాయన మాత్రం నా స్టీరింగు ఒక్కసారీ పట్టలేదు. ఒకవారం నడుం నొప్పి, ఒకవారం చెప్పు తెగింది, ఒకవారం ఏమన్నాడంటే, "ఆ సీట్లో కూచుంటే నాకు ధనుర్వాతం వస్తాది" అన్నాడు. తిట్లు మాత్రం ఎప్పుడూ బాకీ పెట్టలేదు.

ఇంతలో అసలు ముప్పు వచ్చింది. దఫ్తర్ అని బండికో పుస్తకం ఉంటుంది ఇక్కడ. దాని గడువు తిరగరాయాలంటే ముసలి బండ్లు తనిఖీకి వెళ్ళాలి. తీసుకెళ్ళాను. తనిఖీ చేసే ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి, రెండు వేళ్ళతో స్టీరింగుని ఇటూ అటూ ఆడించాడు. అది నాలుగు వేళ్ళ మందం ఊరికే ఆడింది, ముందు చక్రాలు మాత్రం ఉలకలేదు పలకలేదు. ఆయన నా వంక జాలిగా చూసి ఒకటే మాటన్నాడు: "సక్రాబ్." అంటే తుక్కు. గడువులోగా బాగుచేయించి ఇంకోసారి తీసుకురమ్మన్నాడు. గడువు నాలుగు వారాలు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఈ ఒక్క విషయాన్నీ భాగించకుండా విన్నది. "ఈసారి పాసవకపోతే లారీ ఎక్కించి తుక్కు బజారుకి పంపెయ్యండి. బండి గానీ నేను గానీ" అంది. తన గురించి నాకు బెంగలేదు, మాట మీద నిలబడే మనిషి కాదు. బెంగంతా బండి గురించే. ఈ దేశంలో నా పేరు మీద ఉన్నవి రెండే, ఒకటి ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రెండు ఈ బండి. ఇఖామా కంపెనీ ఇచ్చింది, వద్దనుకున్న రోజు ఖలాస్ అని తీసేసుకుంటుంది. బండి అలా కాదు, నా చేతులతో నిలబెట్టుకున్నది.

స్టీరింగ్ బాక్సు నెత్తి మీద ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని బిగిస్తే ఆట తగ్గుతుంది. పాతకార్ల వాళ్ళకి ఈ స్క్రూ గురించి తెలియడం కంటే తెలియకపోవడం మంచిది. నేనెప్పుడూ ఒక్కణ్ణే పని చేసుకుంటాను. స్టోరుకీపరు బుద్ధి, కౌంటరు ఇవతలికి ఎవణ్ణీ రానివ్వను, నా స్పానరు ఇంకొకడి చేతికివ్వను. శుక్రవారం కడపాయన మూడేసి మాటలు అనేవాడు. సాయంత్రం నేను పళ్ళు కొరుక్కుంటూ ఆ స్క్రూ మాటకో పావు చుట్టు బిగించేవాణ్ణి. ఆయన మాటకి నా పావు చుట్టు. అలా రెండు వారాల్లో ఒకటిన్నర చుట్టు బిగిసింది. అంటే ఆరు మాటలు పడ్డానన్నమాట.

దాంతో బండి మారిపోయింది. ఎటు తిప్పితే అటే ఉండిపోయేది స్టీరింగు, దానంతటది తిరిగి రావడం మానేసింది. దవ్వార్‌లోకి దిగిన నేను బయటికి రాలేక నలభై చుట్లు తిరిగాను. పక్క వరసలో ఒక పెద్దాయన అద్దం దించి, "హబీబీ, ఏం పోగొట్టుకున్నావు?" అని అడిగాడు. ఇంత చేసినా ఆ నాలుగు వేళ్ళ ఆట అలాగే ఉంది. బిగుసుకున్న స్టీరింగే మళ్ళీ వదులుగానూ ఆడుతోంది. ఇదెలాగో నాకు అంతుబట్టలేదు.

శుక్రవారం నేను దవ్వార్ నుంచి చెమటలు కక్కుతూ రావడం చూసి కడపాయన తేల్చేశాడు. "బిగుసుకోనూ ఉండాది, లూజుగానూ ఉండాది. అచ్చం నీ మాదిరే."

"మాటన్నవాడు స్టీరింగ్ పట్టాలండీ" అన్నాను తాళాలు చాపి.

"ఈ పొద్దు నాకు కాలు పట్టేసినాది" అన్నాడు ఆయన. అని రెండు కాళ్ళ మీదా నిలబడి టీ తాగాడు. క్రేనాయన ఫ్లాస్కులో టీ ఎంత వేడిగా ఉందో, నేను అంతకంటే వేడెక్కిపోయాను. ఈ మనిషిని ఎలాగైనా పట్టుకోవాలి అనుకున్నాను.

పట్టుకున్నాను. గడువింక నాలుగు రోజులుందనగా, వారం మధ్యలో సెలవు పెట్టి, ఒక రబ్బరు తొడుగు కోసం హవల్లీ వెళ్ళాను. సందులో ఒక బిల్డింగు ముందు కడపాయన కనిపించాడు. చేతిలో బకెట్టు, భుజాన గుడ్డ. వరసగా ఆగిన అద్దెదారుల కార్లు కడుగుతున్నాడు. చెట్టులాంటి మనిషిని చెట్టు చాటున నిలబడి చూడ్డానికి ఆ సందులో చెట్టు లేదు, ఓ పాలవ్యాను చాటున నిలబడ్డాను. ఒక కారు తలుపు తీసి లోపల తుడిచాడు. తుడిచినవాడు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. గుడ్డ ఒళ్ళో పెట్టుకుని స్టీరింగుని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇంజను ఆపే ఉంది. కాస్త ఇటూ, కాస్త అటూ. ఎక్కువసేపు కాదు. దిగి, తలుపేసి, పక్క కారు దగ్గరికి బకెట్టు జరుపుకున్నాడు.

నాకు కలిగింది జాలి కాదండీ, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. 'దొరికాడు!' అనుకున్నాను. ఆవేళే క్రేనాయనకి ఫోను చేసి అడిగాను.

"గా ముచ్చట నీకు తెల్వదా అన్నా?" అన్నాడు క్రేనాయన. "గాయన కఫీల్ ముసలాయన సచ్చిపోయిండు. కొడుకులు డ్రైవర్ వద్దన్నరు. తిప్పలు పడి బిల్డింగ్ కాడ హారిస్‌గ వీసా మార్పించుకుండు. డ్రైవర్ పని పోతె లైసెన్స్ గూడ పోతది గద ఈడ. ఏడాది అయింది స్టీరింగ్ పట్టక. లైసెన్స్ లేకుంట పట్టుకున్నడనుకో, దొరికితె సీదా విమానమే. ఇంటికాడ ముగ్గురు సదువుకుంటున్నరు గాయనకు. నువ్వు మాత్రం అనకు జర."

హారిస్ అంటే బిల్డింగు కాపలాదారు. ఏడాదిగా ఆయన చెప్పిన మెత్తటి స్టీరింగులన్నీ పాతవే, గాల్లో చేతులు పట్టుకున్న స్టీరింగు నిజంగానే గాలి.

తర్వాతి శుక్రవారం వచ్చింది. ఆదివారం పొద్దున్న తనిఖీ. నా బండి బానెట్టు మీద ఎప్పట్లానే కొట్లాట మొదలైంది.

"ఆ స్క్రూ ఇంకొంచెం బిగిచ్చు. ఒక్కపారిగా ఇనుప ముక్కైపోతాది, తుక్కోడికి పని తక్కువైతాది" అన్నాడు కడపాయన.

నేను తాళాలు తీసి బానెట్టు మీద ఆయన ముందు పెట్టాను. క్రేనాయన గీకడం ఆపాడు. ఆయన అంత పొద్దున గీకడం ఆపగా నేనెప్పుడూ చూడలేదు. కడపాయన తాళాల వంక చూశాడు, చెయ్యి చాపలేదు. నోటిదాకా వచ్చిందాన్ని మింగేసి, పెద్దమనిషిలా ఊరుకున్నాను. తాళాలు మళ్ళీ జేబులో వేసుకున్నాను.

కడపాయన టీ కప్పు ఇసకలో పెట్టాడు. తన అరచేతులు ఒకసారి చూసుకున్నాడు.

"కింద పరచనీకి ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు.

పాత దుప్పటిచ్చాను. పరుచుకుని, వెల్లకిలా పడుకుని, బండి ముందు నుంచి తలా భుజాలూ లోపలికి దూర్చాడు.

"నువ్వు సీట్లో కూచో. స్టీరింగ్ కొంచెం ఇట్ల, కొంచెం అట్ల ఆడించు. చక్రాలు తిరగగూడదు. ఊరికే ఆట వరకే."

"నేనే చూసుకుంటానండీ, మీకెందుకు శ్రమ?"

"నీకెన్ని చేతులు? పైన పట్టుకునేటోడే కింద పట్టుకుంటాడా? రెండేండ్లు ఒక్కడివే కిందమీద పడితివి, అందుకే దొరకలేదు. ఆడించు!"

ఆడించాను. ఆయన బండి కింద, స్టీరింగు బాక్సు నుంచి చక్రాల దాకా ఉన్న ప్రతి కీలు మీదా అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. చూడ్డం కాదు, వింటున్నట్టున్నాడు. ఒక కీలు, "ఇది బాగుండాది." ఇంకోటి, "ఇదీ బాగుండాది." నేను పైన ఆడిస్తూనే ఉన్నాను. జీవితంలో మొదటిసారి నా కౌంటరు ఇవతలికి ఒక మనిషి వచ్చాడు, అదీ ఈయన.

"ఆపు. మల్లా ఆడించు. మెల్లగా." మెల్లగా ఆడించాను. "ఈడ."

"ఏముందండీ అక్కడ?"

"ఎడమ చక్రం కాడికి పోయే కడ్డీ ఉండాదే, దాని కొసన బంతి జాయింటు. చెయ్యి పెడితే కొట్టుకుంటాండాది, పిచిక పిల్ల గుండె మాదిరి. పైకి రబ్బరు కొత్తది తొడిగినావు, చూసేదానికి బో అందంగా ఉండాది. లోపల బంతి అరిగిపోయినాది. నీ స్క్రూ ఏం పాపం చేసిందిరా సామీ, దాని గొంతు పిసుకుతాండావు?"

ఆ రబ్బరు తొడుగు హవల్లీ నుంచి తెచ్చిందే. ఆవేళ కొని తొడిగి, తెగ మురిసిపోయాను.

"మీరెందుకు ఇంత కష్టపడ్డారండీ?" అని అడిగాను సీట్లోంచి. వంగి చూస్తే ఆయన చెప్పులు మాత్రం కనపడ్డాయి.

"నీ కోసరం గాదు" అన్నాయి చెప్పులు. "బండి ఏం చేసినాది పాపం."

ఆ రోజే జాయింటు దొరికింది. క్రేనాయన పట్టుకున్నాడు, నేను బిగించాను, కడపాయన ఇద్దర్నీ తిట్టాడు. స్క్రూ ఎంత బిగించానో అంతా విప్పించాడు, ఆఖర్న ఒక్క వెంట్రుకవాసి తనే సరిచేశాడు. నా స్పానరుతోటే. దవ్వార్ దాకా నేను తోలాను, ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. తిప్పిన స్టీరింగుని వదిలేస్తే నా చేతుల్లోంచి జారుతూ దానంతటదే తిన్నగా వచ్చింది. రోడ్డు మళ్ళీ మాట్లాడింది. నేను కళ్ళు తుడుచుకుంటుంటే, "రోడ్డు చూడు, ఏడుపు ఇంట్లో ఏడువు" అన్నాడు. ఆయన చేతులు మాత్రం ఆ మలుపు పొడుగునా ఒళ్ళో తిరుగుతూనే ఉన్నాయి, నా చేతులతో పాటే.

ఆదివారం తనిఖీలో అదే ఆయన, అవే రెండు వేళ్ళు. ఈసారి స్టీరింగు కదిలితే చక్రమూ కదిలింది. ఆయన ఇంకోసారి ఆడించి చూశాడు, నమ్మకం లేక బండి కిందకి వంగి చూశాడు, కాగితం మీద ముద్ర గుద్దాడు. ఆ ముద్ర చప్పుడు బ్నీద్ అల్ గార్ దాకా వినపడిందని అక్కడి మా స్నేహితుడొకడు ఫోను చేశాడు. దాన్ని నాలుగుతో కాదు, నలభైతో భాగించుకోండి.

పాసైన సంగతి చెబితే కడపాయన, "ఆయనకు కంటిచూపు తగ్గినట్టుండాది" అన్నాడు. ఇప్పటికీ ప్రతి శుక్రవారం బస్సు దిగి వస్తాడు, నన్ను 'నువ్వు' అంటాడు, నా బండిని తుక్కంటాడు. స్నేహితులమైపోయామనుకునేరు. కాలేదు.

ఇప్పుడు ఒప్పుకోవలసింది. దవ్వార్‌లో నలభై చుట్లు తిరగలేదు, పది తిరిగాను. చీమ సంగతి మీకు తెలుసు. అవన్నీ పెంచినవి. కల్పించినది ఒక్కటే. ఆ శుక్రవారం తాళాలు బానెట్టు మీద పెట్టి, నోటిదాకా వచ్చిందాన్ని మింగేసి, పెద్దమనిషిలా ఊరుకున్నానని రాశాను చూశారా, అది.

ఊరుకోలేదు. క్రేనాయన వద్దన్నా అన్నాను. అన్నేళ్ళలో మొదటిసారి ఆయన్ని అండీ లేకుండా అన్నాను. "పట్టవేంరా? ఎలా పడతావు, లైసెన్సు లేనోడివి. హవల్లీలో బకెట్టు పట్టుకుని ఊళ్ళో వాళ్ళ కార్లు కడుక్కునేవాడికి నా స్టీరింగు సంగతెందుకు?" అన్నాను. క్రేనాయన చెయ్యి ఆగింది అందుకే. కడపాయన తన అరచేతులు చూసుకున్నది అందుకే. ఆ తర్వాతే కింద పరచనీకి ఏమన్నా ఉండాదా అని అడిగాడు. మిగతాదంతా రాసినట్టే జరిగింది.

నేను ఇంతవరకూ తప్పైందని ఆయనతో అనలేదు. మళ్ళీ అండీ అంటున్నాను. ఇప్పుడది వెక్కిరింపుకి కాదు, ఆ సంగతి ఆయన నమ్మడు, నమ్మాల్సిన అవసరమూ లేదు. ఇంట్లో మా ఆవిడకి ఇదంతా చెప్పాను. ఎప్పట్లా నాలుగుతో భాగిస్తుందనుకున్నాను. నేనన్న ఆ మాట దగ్గరికి వచ్చేసరికి, "ఇది పెంచింది కాదు కదా?" అని అడిగింది.

కాదన్నాను.